కె.వి.కృష్ణారావు

కొటికలపూడి వెంకట కృష్ణారావు (జూలై 16, 1923 - జనవరి 30, 2016) భారత సైనిక దళ ప్రధానాధికారిగా, ఆ తరువాత పలు రాష్ట్రాల గవర్నరుగా పనిచేసిన తెలుగువాడు. జనరల్ కృష్ణారావుగా ప్రసిద్ధుడు. 1942లో బ్రిటిషు భారత సైన్యంలో అధికారిగా చేరి, 41 సంవత్సరాల సర్వీసు తరువాత 1983లో పదవీ విరమణ చేశాడు. 1984 నుండి 1989 వరకు నాగాలాండ్, మణిపూర్, త్రిపుర రాష్ట్రాలకు ఏకకాలంలో గవర్నరుగా ఉన్నాడు. జమ్మూ కాశ్మీర్ గవర్నరుగా రెండు విడతలు (1989-90, 1993-98) పనిచేశాడు. ఇతడు ఏ ఎన్నికలలోనూ పోటీ చేయలేదు. అయినా రాష్ట్రపతి పాలన సమయంలో ఒక రాష్ట్రపు పరిపాలన మొత్తాన్ని మూడున్నర సంవత్సరాలపాటు స్వయంగా నడిపాడు. ఇతని నివేదిక ఆధారంగా వెలువడిన మరొక రాష్ట్రపతి పాలన ప్రకటన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. సైనికుడిగా ఇతని జీవితం ఎంత ప్రశాంతంగా పైకి సాగిందో, గవర్నరుగా అంత వివాదాల నడుమ గడిచింది.

సైనిక జీవితం

కృష్ణారావు ఆగస్టు 9, 1942న మహర్ రెజిమెంటు రెండవ బెటాలియనులో అధికారిగా నియమితుడయ్యాడు. దేశంలో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై, కాంగ్రెసు నాయకులందరూ అరెస్టయిన రోజు అది. అప్పటికి అతనికి 19 సంవత్సరాలు. మహర్ రెజిమెంటు అంతకు ముందు సంవత్సరమే, 1941 అక్టోబరులో, బెల్గాంలో ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత సైన్యంలో చోటు కోల్పోయిన మహర్లకు మళ్ళీ ప్రవేశం కల్పించాలని డా. బి.ఆర్.అంబేద్కర్ గట్టిగా కోరినవారిలో ముఖ్యుడు. పాత రెజిమెంట్లకున్న వంశపారంపర్య ప్రతిష్ఠ లేని ఈ కొత్త రెజిమెంటు నుండి తరువాతి కాలంలో ఇద్దరు సైన్యాధిపతులు వచ్చారు. మొదటివాడు కృష్ణారావు, రెండవవాడు కె.సుందర్జీ.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కృష్ణారావు బర్మాలోను, వాయవ్య సరిహద్దు ప్రాంతంలోను, బెలూచిస్తాన్‌లోను పనిచేశాడు. దేశ విభజన సమయంలో పంజాబులో శాంతిభద్రతల విధులలో ఉన్నాడు. 1947-48లో జమ్మూ కాశ్మీర్ యుద్ధంలో పాల్గొన్నాడు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఖడక్‌వాస్లాకు తరలి వెళ్ళక ముందు, డెహ్రాడూన్‌లో దాని తొలి రూపం నడుస్తున్న రోజులలో అక్కడ శిక్షకుడిగా ఉన్నాడు.

ఇతని సర్వీసులో జమ్మూ కాశ్మీర్ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అక్కడ బెటాలియనుకు నాయకత్వం వహించాడు. 1965-66లో లడఖ్‌లో బ్రిగేడుకు, తరువాత జమ్మూ ప్రాంతంలో పదాతి డివిజనుకు, 1974 నుండి 1978 వరకు నగ్రోటా కేంద్రంగా గల 16వ కోర్‌కు అధిపతిగా ఉన్నాడు. తరువాత గవర్నరుగా వెళ్ళినప్పుడు ఆ రాష్ట్రపు కొండలు, కనుమలు, సరిహద్దు గ్రామాలు ఇతనికి కొత్త కావు. అయితే ఆ ప్రాంతాన్ని అంతవరకు చూసినది సైనికుడి కంటితోనే.

1971 యుద్ధం

1970 నుండి 1972 వరకు 8వ మౌంటెన్ డివిజనుకు కృష్ణారావు అధిపతి. ఈ డివిజను మొదట నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటుదారులను అదుపు చేసే విధులలో ఉండేది. 1971 డిసెంబరు యుద్ధంలో దీనిని లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ నాయకత్వంలోని 4వ కోర్ కింద తూర్పు పాకిస్తాన్ ఈశాన్య ప్రాంతానికి పంపారు. సిల్హెట్ పట్టణం దీని లక్ష్యం.

డిసెంబరు 7న ఈ డివిజనుకు చెందిన 5వ గూర్ఖా రైఫిల్స్ నాలుగవ బెటాలియను సైనికులను హెలికాప్టర్లలో తీసుకువెళ్ళి సిల్హెట్ సమీపంలో దింపారు. భారత సైన్యం శత్రు భూభాగంలో హెలికాప్టర్ల ద్వారా బలగాలను దించి పోరాడడం అదే మొదటిసారి. సంఖ్యలో తక్కువగా ఉన్న ఆ బెటాలియను రోజుల తరబడి నిలిచి పోరాడింది. ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయిన తరువాత సిల్హెట్ దండు కూడా ఈ డివిజనుకు లొంగిపోయింది. యుద్ధంలో సేవలకు కృష్ణారావుకు పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

సైన్యాధిపతిగా

1975లో సైన్య పునర్వ్యవస్థీకరణ, ఆధునికీకరణలపై ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘానికి కృష్ణారావు అధ్యక్షత వహించాడు. అప్పటికి మేజర్ జనరల్‌గా ఉన్న సుందర్జీ ఇందులో సభ్యుడు. ట్యాంకులు, యాంత్రిక పదాతి దళాల సంఖ్యను పెంచి, సైన్యపు కదలికలో వేగం తీసుకురావాలన్నది ఈ సంఘం ఆలోచనల సారం. తరువాతి రెండు దశాబ్దాలలో భారత సైన్యం నడిచిన దారికి ఇక్కడే బీజం పడింది. సాధారణ పాఠకులకు ఇతని పేరు సిల్హెట్‌తోనో కాశ్మీర్‌తోనో ముడిపడి ఉన్నా, సైనిక విషయాలు అధ్యయనం చేసేవారు ఎక్కువగా ప్రస్తావించేది ఈ సంఘాన్నే.

తరువాత సైన్య ఉపప్రధానాధికారిగా, పశ్చిమ కమాండు అధిపతిగా పనిచేసి, జూన్ 1, 1981న జనరల్ ఓ.పి.మల్హోత్రా నుండి సైన్యాధిపతి బాధ్యతలు స్వీకరించాడు. 1982 నుండి త్రివిధ దళాధిపతుల సంఘానికి అధ్యక్షుడిగా కూడా వ్యవహరించాడు. 60 సంవత్సరాలు నిండిన నెలలోనే, జూలై 31, 1983న, పదవీ విరమణ చేశాడు. ఇతని తరువాత జనరల్ ఎ.ఎస్.వైద్య ఆ పదవిలోకి వచ్చాడు. వారసత్వపు ఈ ఎంపికలో సీనియరు అయిన తనను పక్కనపెట్టినందుకు లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె.సిన్హా రాజీనామా చేయడం అప్పట్లో పెద్ద చర్చకు కారణమైంది. ఆ సిన్హాయే తరువాతి కాలంలో అస్సాంకు, జమ్మూ కాశ్మీర్‌కు గవర్నరు అయ్యాడు.

సైన్యం నుండి రాజభవనానికి

సైన్యంలో పనిచేస్తున్నంత కాలం అధికారులు గానీ, జవానులు గానీ రాజకీయ పార్టీలలో చేరరాదు. రాజ్యాంగం 33వ అధికరణం సాయుధ దళాల సభ్యుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. విరమణ తరువాత ఈ నిషేధం ఉండదు. ఆ తరువాత ప్రజాజీవితంలోకి రావడానికి వారికి రెండు దారులున్నాయి. ఒకటి ఎన్నికలు. స్వతంత్ర భారత తొలి భారతీయ సైన్యాధిపతి కె.ఎం.కరియప్ప 1971లో బొంబాయి నగరం నుండి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయాడు. తెలుగువారిలో సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన వొడితెల లక్ష్మీకాంతరావు హుజూరాబాదు శాసనసభ్యుడిగా, తరువాత రాజ్యసభ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపిన ఎన్.ఉత్తమ్ కుమార్ రెడ్డి 1999 నుండి పలుమార్లు శాసనసభకు, 2019లో నల్గొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

రెండవ దారి గవర్నరు పదవి. సైన్యాధిపతిగా పనిచేసిన ఎస్.ఎం.శ్రీనగేష్ అస్సాం, ఆంధ్ర ప్రదేశ్, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశాడు. కృష్ణారావుది ఈ దారి. గవర్నరుది అలంకారప్రాయమైన పదవి అని సామాన్యంగా అనుకుంటారు గానీ, ఇతడు వెళ్ళిన రాష్ట్రాలకు ఆ మాట వర్తించదు.

ఈశాన్య రాష్ట్రాల గవర్నరుగా

1984 జూన్‌లో కృష్ణారావు నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరుగా నియమితుడయ్యాడు. ఇందిరా గాంధీ అప్పటి ప్రధానమంత్రి. కోహిమా, ఇంఫాల్, అగర్తలాలలో మూడు రాజభవనాలు, మూడు ప్రభుత్వాలు, మూడు రకాల తిరుగుబాట్లు ఇతని పరిధిలోకి వచ్చాయి. రాజ్యాంగం 371ఎ అధికరణం ప్రకారం నాగాలాండ్‌లో శాంతిభద్రతల విషయంలో గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఉంది. 371సి అధికరణం మణిపూర్ కొండ ప్రాంతాల పరిపాలనపై గవర్నరుకు ప్రత్యేక బాధ్యతను అప్పగించింది. అంటే మంత్రిమండలి సలహా మేరకే నడవవలసిన మిగిలిన గవర్నర్లకంటే ఇతని చేతిలో ఎక్కువ అధికారం ఉండేది.

1987 జూలైలో మణిపూర్‌లోని ఓయినామ్ గ్రామం వద్ద అస్సాం రైఫిల్స్ స్థావరంపై నాగా తిరుగుబాటుదారులు దాడి చేసి ఆయుధాలు ఎత్తుకుపోయారు. ఆ తరువాత చుట్టుపక్కల గ్రామాలలో సాగిన 'ఆపరేషన్ బ్లూబర్డ్'లో ప్రజలపై హింస జరిగిందని తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. మానవ హక్కుల సంఘాలు గౌహతి హైకోర్టును ఆశ్రయించాయి. త్రిపురలో 1988 ఫిబ్రవరి ఎన్నికలలో పది సంవత్సరాలుగా అధికారంలో ఉన్న వామపక్ష కూటమి ఓడిపోయి, కాంగ్రెసు, త్రిపుర ఉపజాతి జుబ సమితిల కూటమి గెలిచింది. అదే సంవత్సరం ఆగస్టులో త్రిపుర నేషనల్ వాలంటీర్స్ అనే సాయుధ సంస్థ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని ఆయుధాలు విడిచింది.

నాగాలాండ్ శాసనసభ వివాదం

కృష్ణారావు రాజకీయ జీవితంలో న్యాయస్థానపు పరీక్షకు నిలవలేకపోయిన నిర్ణయం ఇదే. విద్యార్థులు రాజ్యాంగ పాఠాలలో చదివే ఎస్.ఆర్.బొమ్మై కేసు పేరుకు కర్ణాటక ముఖ్యమంత్రిది అయినా, అందులో నాగాలాండ్ కూడా ఒక భాగం.

1987 నవంబరు ఎన్నికల తరువాత 60 స్థానాల నాగాలాండ్ శాసనసభలో కాంగ్రెసుకు 34 మంది సభ్యులున్నారు. హొకిషె సెమ ముఖ్యమంత్రి. 1988 జూలై చివరి రోజులలో వీరిలో 13 మంది విడిపోయి వేరే పార్టీగా ఏర్పడి, సభలో తమకు వేరే స్థానాలు కేటాయించాలని స్పీకరును కోరారు. అప్పటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం ఒక శాసనసభా పక్షంలో మూడవ వంతు సభ్యులు విడిపోతే అది చీలికే గాని ఫిరాయింపు కాదు. 34లో మూడవ వంతుకు 12 మంది చాలు. స్పీకరు దీనిని చీలికగా గుర్తించాడు. విడిపోయినవారిలో ఒకడైన వాముజో తనకు 35 మంది మద్దతు ఉన్నదని, ప్రభుత్వం ఏర్పాటు చేయగలనని గవర్నరుకు తెలియజేశాడు.

గవర్నరు అతనిని పిలవలేదు. సభలో బలం నిరూపించుకోమనీ అనలేదు. విడిపోయిన సభ్యులను నిర్బంధంలో ఉంచారని, ప్రలోభాలు పనిచేశాయని, చీలిక కథ నమ్మదగినది కాదని రాష్ట్రపతికి నివేదిక పంపాడు. రాష్ట్రంలోని తిరుగుబాటు పరిస్థితిని కూడా అందులో ప్రస్తావించాడు. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తూ రాష్ట్రపతి పాలననే సిఫారసు చేశాడు. ఆగస్టు 7, 1988న రాష్ట్రపతి పాలన ప్రకటన వెలువడింది. వాముజో గౌహతి హైకోర్టుకు వెళ్ళాడు. అక్కడి ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వ్యక్తం చేశారు. ఈలోగా 1989 జనవరిలో మళ్ళీ ఎన్నికలు జరిగి, కాంగ్రెసు తిరిగి అధికారంలోకి వచ్చింది. ఎస్.సి.జమీర్ ముఖ్యమంత్రి అయ్యాడు.

మార్చి 11, 1994న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీం కోర్టు ధర్మాసనం బొమ్మై కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్నదా లేదా అనేది గవర్నరు సొంత అంచనాతో కాక, శాసనసభలోనే తేలాలని నిర్దేశించింది. కర్ణాటక, మేఘాలయలతో పాటు నాగాలాండ్ ప్రకటన కూడా రాజ్యాంగ విరుద్ధమని పేర్కొంది. అప్పటికి ఆ సభ స్థానంలో కొత్త సభ వచ్చి చాలా కాలమైంది కనుక తీర్పు వలన ఎవరికీ పదవి తిరిగి దక్కలేదు. ఈ తీర్పు వెలువడిన నాటికి కృష్ణారావు జమ్మూ కాశ్మీర్‌లో, రాష్ట్రపతి పాలనలోనే, ప్రభుత్వాన్ని నడుపుతున్నాడు.

జమ్మూ కాశ్మీర్: మొదటి విడత

1989 జూలైలో కృష్ణారావు జగ్‌మోహన్ స్థానంలో జమ్మూ కాశ్మీర్ గవర్నరు అయ్యాడు. ఫరూక్ అబ్దుల్లా నాయకత్వంలో నేషనల్ కాన్ఫరెన్స్, కాంగ్రెసుల కూటమి ప్రభుత్వం అప్పుడు అధికారంలో ఉంది. ఈ ప్రభుత్వాన్ని తెచ్చిన 1987 శాసనసభ ఎన్నికలలో పెద్ద ఎత్తున అక్రమాలు జరిగాయన్న ఆరోపణలున్నాయి. వాటిలో ఓడిపోయిన ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ అభ్యర్థులు, వారి ఏజెంట్లలో కొందరు తరువాత ఆయుధాలు పట్టారు.

ఆ ఆరు నెలలలో పరిస్థితి చేయిదాటిపోయింది. సెప్టెంబరులో భారతీయ జనతా పార్టీ నాయకుడు టీకాలాల్ టప్లూ, నవంబరులో విశ్రాంత న్యాయమూర్తి నీలకంఠ గంజు హత్యకు గురయ్యారు. నవంబరు లోక్‌సభ ఎన్నికలలో లోయలోని నియోజకవర్గాలలో ఓటర్లు దాదాపుగా పోలింగు కేంద్రాలకు రాలేదు. డిసెంబరు 8న కేంద్ర హోం మంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కుమార్తెను మిలిటెంట్లు అపహరించారు. ఐదుగురు మిలిటెంట్లను విడుదల చేసిన తరువాత డిసెంబరు 13న ఆమెను వదిలిపెట్టారు. ఈ పరిణామాలలో మంత్రిమండలి ఉన్న రాష్ట్రపు గవర్నరుగా కృష్ణారావు పాత్ర పరిమితమైనది. 1990 జనవరిలో వి.పి.సింగ్ ప్రభుత్వం జగ్‌మోహన్‌ను తిరిగి గవర్నరుగా నియమించింది. దానికి నిరసనగా ఫరూక్ అబ్దుల్లా రాజీనామా చేశాడు. కృష్ణారావు పదవి నుండి వైదొలగాడు. లోయ నుండి కాశ్మీరీ పండితుల వలస ఆ నెలలోనే ఉధృతమైంది.

జమ్మూ కాశ్మీర్: రెండవ విడత

1993 మార్చిలో పి.వి.నరసింహారావు ప్రభుత్వం కృష్ణారావును మళ్ళీ అక్కడికే పంపింది. ఈసారి పరిస్థితి పూర్తిగా వేరు. జమ్మూ కాశ్మీర్‌కు అప్పట్లో సొంత రాజ్యాంగం ఉండేది. దాని 92వ సెక్షను ప్రకారం ప్రభుత్వం పడిపోతే మొదట ఆరు నెలలు గవర్నరు పాలన, ఆ తరువాత రాష్ట్రపతి పాలన వచ్చేవి. 1990 జూలై నుండి అక్కడ రాష్ట్రపతి పాలన కొనసాగుతోంది. ముఖ్యమంత్రి లేడు, శాసనసభ లేదు. గవర్నరు, అతని సలహాదారులే ప్రభుత్వం. 1991లో దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు జరిగినా జమ్మూ కాశ్మీర్‌లో జరగలేదు.

కృష్ణారావు చేరిన మరుసటి నెలలోనే శ్రీనగర్‌లో రాష్ట్ర పోలీసులు సమ్మెకు దిగారు. ఒక కానిస్టేబులు సైన్యపు నిర్బంధంలో మరణించడం దీనికి కారణం. ఏప్రిల్ 28న సైన్యం పోలీసు కంట్రోలు రూమును చుట్టుముట్టి సమ్మె చేస్తున్నవారిని నిరాయుధులను చేసింది. సైన్యం, సరిహద్దు భద్రతా దళం, రిజర్వు పోలీసులు, రాష్ట్ర పోలీసులు ఎవరికి వారుగా పనిచేస్తున్నారన్నది అప్పటి ప్రధాన సమస్య. వీరందరినీ సమన్వయపరచడానికి 1993లో ఏకీకృత ప్రధాన కార్యాలయం ఏర్పాటయింది. గవర్నరుకు భద్రతా సలహాదారుగా ఉన్న విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ ఎం.ఎ.జాకీకి దీని బాధ్యత అప్పగించారు. ఎన్నికైన ప్రభుత్వం వచ్చిన తరువాత కూడా, ముఖ్యమంత్రి అధ్యక్షతన, ఈ వ్యవస్థ కొనసాగింది.

1993 అక్టోబరు 15న శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ మసీదులో మిలిటెంట్లు ఉన్నారని సైన్యం దానిని చుట్టుముట్టింది. ప్రవక్త మహమ్మద్ పవిత్ర కేశం ఉన్న స్థలంగా ఆ మసీదుకు కాశ్మీరీ ముస్లింలలో ఉన్న గౌరవం చెప్పనలవి కానిది. 1963లో ఆ కేశం కొన్ని రోజులు కనిపించకుండా పోయినప్పుడు లోయ అంతా వీధులలోకి వచ్చింది. మసీదులోకి బలగాలను పంపితే 1984లో అమృతసర్‌లో జరిగినది పునరావృతమయ్యేది. పంపకపోతే ప్రభుత్వం చేతకానిదన్న మాట వచ్చేది. నెల రోజుల చర్చల తరువాత నవంబరు 16న లోపల ఉన్నవారు బయటికి వచ్చి లొంగిపోయారు. మసీదుకు నష్టం జరగలేదు. అయితే ఈ ముట్టడికి నిరసనగా అక్టోబరు 22న బిజ్‌బెహరాలో సాగిన ఊరేగింపుపై సరిహద్దు భద్రతా దళం జరిపిన కాల్పులలో పలువురు పౌరులు మరణించారు. అదే నెలలో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల సంఘం చేపట్టిన తొలి విషయాలలో ఇది ఒకటి.

1995 సంవత్సరం గవర్నరుకు మరింత కష్టంగా గడిచింది. జనవరి 26న జమ్మూలోని మౌలానా ఆజాద్ స్టేడియంలో గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. పలువురు మరణించారు. కృష్ణారావు ప్రాణాలతో బయటపడ్డాడు. మే నెలలో చరారె షరీఫ్ పట్టణంలో సైన్యానికి, మిలిటెంట్లకు మధ్య రెండు నెలలకు పైగా సాగిన ప్రతిష్టంభన షేక్ నూరుద్దీన్ నూరానీ సమాధి మందిరం మంటలలో కాలిపోవడంతో ముగిసింది. పట్టణంలో చాలా ఇళ్ళు దగ్ధమయ్యాయి. నిప్పు ఎవరు పెట్టారన్న దానిపై ప్రభుత్వం, మిలిటెంట్లు పరస్పరం నిందించుకున్నారు. మిలిటెంట్ల నాయకుడు మస్త్ గుల్ తప్పించుకుపోయాడు. హజ్రత్‌బల్ వద్ద ఫలించిన సహనం ఇక్కడ ఫలించలేదు. జూలైలో అల్ ఫరాన్ అనే సంస్థ విదేశీ పర్యాటకులను అపహరించింది. వారిలో ఒకరు తప్పించుకోగా, ఒకరిని చంపివేశారు. మిగిలిన నలుగురి ఆచూకీ దొరకలేదు.

1996 ఎన్నికలు

రాష్ట్రంలో ఎన్నికలు జరపాలన్నది నరసింహారావు ప్రభుత్వ లక్ష్యం. చరారె షరీఫ్ ఘటన వలన 1995 వేసవిలో అనుకున్న ఎన్నికలు వెనుకకు పోయాయి. ఆ సంవత్సరం నవంబరులో ప్రభుత్వం మళ్ళీ ప్రతిపాదించగా, ఎన్నికలకు తగిన పరిస్థితి లేదని టి.ఎన్.శేషన్ నాయకత్వంలోని ఎన్నికల సంఘం తిరస్కరించింది. చివరకు 1996 మే నెలలో లోక్‌సభ ఎన్నికలతో పాటు రాష్ట్రంలోని ఆరు స్థానాలకు పోలింగు జరిగింది. నేషనల్ కాన్ఫరెన్స్ వీటిని బహిష్కరించింది. లోయలో కొన్నిచోట్ల భద్రతా దళాలు ప్రజలను బలవంతంగా పోలింగు కేంద్రాలకు తీసుకువచ్చాయని పత్రికలు వ్రాశాయి. ప్రభుత్వం దీనిని ఖండించింది. ఆగస్టులో మరొక విపత్తు సంభవించింది. అమరనాథ్ యాత్రలో అకాలపు మంచు తుఫానుకు రెండు వందల మందికి పైగా యాత్రికులు మరణించారు.

సెప్టెంబరులో నాలుగు దశలలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఈసారి నేషనల్ కాన్ఫరెన్స్ పోటీ చేసి 87 స్థానాలలో 57 గెలుచుకుంది. హురియత్ కాన్ఫరెన్స్ బహిష్కరణకు పిలుపునిచ్చింది. అక్టోబరు 9, 1996న ఫరూక్ అబ్దుల్లా చేత కృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేయించాడు. 1990 జనవరిలో ఆగిపోయిన ఎన్నికైన ప్రభుత్వం ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలకు తిరిగి వచ్చింది. ఆనాడు రాజీనామా చేసిన ముఖ్యమంత్రే ఇప్పుడు ప్రమాణం చేశాడు, ఆనాడు వైదొలగిన గవర్నరే చేయించాడు. ఆ రోజుతో గవర్నరు చేతిలోని అధికారమంతా మంత్రిమండలికి బదిలీ అయింది. 1998 మే నెలలో పదవీకాలం ముగిసేవరకు కృష్ణారావు రాజ్యాంగబద్ధ గవర్నరుగా కొనసాగాడు.

విమర్శలు

కాశ్మీర్‌లో ఇతని పాలనపై అభిప్రాయాలు రెండు విధాలుగా ఉన్నాయి. ఎన్నికలు అసాధ్యమని చాలామంది భావించిన చోట వాటిని జరిపించి, అధికారాన్ని ప్రజాప్రతినిధులకు అప్పగించడం ఇతని ఘనతగా సమర్థకులు చెబుతారు. ఈ కాలంలో నిర్బంధంలో మరణాలు, అదృశ్యాలు, లొంగిపోయిన మిలిటెంట్లతో ఏర్పడిన 'ఇఖ్వాన్' ముఠాల ఆగడాలు అదుపులేకుండా సాగాయని మానవ హక్కుల సంస్థలు విమర్శించాయి. ఈ ముఠాల నాయకుడు కూకా పర్రే 1996 ఎన్నికలలో సోనావారి నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. ఢిల్లీలో హోం మంత్రి ఎస్.బి.చవాన్, సహాయ మంత్రి రాజేశ్ పైలట్‌ల మధ్య కాశ్మీర్ విధానంపై ఉన్న విభేదాలు కూడా శ్రీనగర్ పాలనను ఇబ్బంది పెట్టాయి. నాగాలాండ్‌లో సభను నమ్మక తన అంచనాను నమ్మిన గవర్నరు, కాశ్మీర్‌లో లోపాలున్న ఎన్నికలనైనా జరిపించడానికే పూనుకోవడం గమనించదగినది. రెండు చోట్లా కేంద్ర ప్రభుత్వ నిర్ణయం ఇతని వెనుక ఉన్నదన్నది కూడా మరువరాదు.

రచనలు, గౌరవాలు

కృష్ణారావు ఆంగ్లంలో రెండు పుస్తకాలు వ్రాశాడు. 1991లో, గవర్నరు పదవుల మధ్య విరామంలో, జాతీయ భద్రతపై 'ప్రిపేర్ ఆర్ పెరిష్' వెలువడింది. ప్రాచీన కాలం నుండి దేశ రక్షణలో జరిగిన పొరపాట్లను పరిశీలించే పెద్ద గ్రంథం ఇది. 2001లో ప్రచురితమైన 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్' ఇతని జ్ఞాపకాలు. ఈశాన్య రాష్ట్రాలు, కాశ్మీర్ చరిత్ర చదివేవారికి రెండవది ఉపయోగపడుతుంది. అయితే ఇందులోనివి ఒక పక్షం నుండి చూసిన సంగతులని గుర్తుంచుకుని చదవాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇతనికి గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

పదవుల అనంతరం ఢిల్లీలో స్థిరపడిన కృష్ణారావు జనవరి 30, 2016న 92 సంవత్సరాల వయసులో అక్కడే మరణించాడు.